బురద క్యాసెట్టులో ఎడమ చెయ్యి

కీబోర్డు ముందు ఆ కుర్చీ తనకి దక్కుతుందో లేదో ఆదివారం మధ్యాహ్నం తేలిపోతుందని మామయ్య ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచీ ఆమె కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఆమె పని పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో. ఎవరిదో పై దవడ ప్లాస్టర్ అచ్చు మీద మైనం పోసి ఒక్కొక్క పన్నూ నిలబెడుతూ, మధ్యమధ్య ఎడమచేతి వేళ్ళని బల్ల అంచు మీద పరుగులు పెట్టిస్తోంది. పక్క బల్ల దగ్గర అచ్చులు పోసే ఆవిడ చాలాసేపు ఓర్చుకుని, "అవి పెట్టుకున్నాయన నమిలినప్పుడల్లా తాళం వినిపిస్తుందేమో, కాస్త చూసుకో" అంది.

ఆమె నవ్వింది కానీ వేళ్ళు ఆగలేదు. ఆగమంటే ఆగే దశ దాటిపోయి చాలా ఏళ్ళయింది.

"ఏటవాలు" అనే ప్రోగ్రెసివ్ రాక్ బృందాన్ని ఆమె ఇంకా బడి మొహం చూడని రోజుల్లో నలుగురు స్నేహితులు కలిసి పెట్టారు. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అనే పద్ధతి వాళ్ళకి గిట్టేది కాదు. ఒక్కొక్క పాట క్యాసెట్టులో ఒక వైపంతా కాళ్ళు బారచాపుకుని కూర్చునేది. ఏడు దెబ్బల లెక్కలో బయల్దేరి, ఐదులోకి జారి, ఎక్కడో పదకొండులో తేలేది. వినేవాళ్ళు తల ఊపడం మొదలుపెట్టేలోగా లెక్క మారిపోయేది. బాస్ గిటార్ వాయించింది ఆమె మేనమామ. డ్రమ్ములు వాయించినాయన్ని ఉరుము అనేవాళ్ళు, ఇప్పుడాయన బేకరీ నడుపుతున్నాడు. పాటలు కట్టి, గిటార్ వాయిస్తూ పాడినాయన కొలబద్ద. ఆయనకి అసలు పేరు ఉండే ఉంటుంది గానీ, ఇళ్ళ ప్లాన్లు గీసుకుని బతికే ఆ మనిషికి అంతకన్నా అతికే పేరు ఇంకోటి లేదు. నాలుగో ఆయన కీబోర్డు. తక్కిన ముగ్గురికన్నా వయసులో పెద్ద కాబట్టి వాళ్ళు ఆయన్ని అన్నయ్యా అంటారు. ఆమె మాత్రం ఆయన్ని ఎప్పుడూ ఏమనీ పిలవలేదు. పిలిచేంత దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలక, దూరం నుంచే పెద్దాయన అనుకునేది.

ఇన్నేళ్ళకి మళ్ళీ ఒక కచేరీ చెయ్యాలని వాళ్ళకి బుద్ధి పుట్టింది. అయితే పెద్దాయన మణికట్లు వాచిపోయి, వేళ్ళు ఆయన మాట వినడం మానేశాయి. అందుకే ఆ కుర్చీ ఖాళీ. దానికోసం ఆమెకన్నా ముందు ఇద్దరు వచ్చి వెళ్ళారు. ఒకడినైతే చేతిలో టీ కప్పు ఖాళీ కాకుండానే కొలబద్ద సాగనంపాడని మామయ్య చెప్పాడు.

బృందం మొత్తం రెండే క్యాసెట్టులు వేసింది. మొదటిది స్టూడియోలో చేసింది. అందులో ఏ వాయిద్యానికి ఆ వాయిద్యం ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టు వినపడుతుంది. రెండోది ఒక హాల్లో కచేరీ జరుగుతుండగా రికార్డు చేసి పట్టింది. పట్టినాయన వేదిక మీద తీగలన్నీ గుయ్యిమంటున్నాయని విసుక్కుని, ఎవరికీ చెప్పకుండా తన రెండు మైకులూ బాల్కనీ మీదికి మోసుకుపోయి, అన్నిటికన్నా వెనక, గోడ పక్కన వేలాడదీశాడు. దాంతో డ్రమ్ములు మెట్ల మీంచి పీపాలు దొర్లుతున్నట్టు, బాస్ కడుపులో వాయువులా, గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు పడ్డాయి. కీబోర్డు నీళ్ళ అడుగున దీపంలా కాసేపు కనపడి కాసేపు మాయమవుతుంది. మధ్యలో ఒకాయన తెరలు తెరలుగా దగ్గుతాడు. "మెట్లు లేని మేడ" అనే పెద్ద పాట సరిగ్గా ఊపందుకునేచోట, ముందు వరసలో లేచి నిలబడ్డవాణ్ణి ఎవరో "కూర్చోవయ్యా, కనపడట్లేదు" అని కసురుకుంటాడు. దాని పేరేదైనా కానీ, జనం నోట అది బురద క్యాసెట్టు.

బురద క్యాసెట్టు విన్నవాళ్ళు విన్నట్టే రెండుగా చీలిపోయారు. అది బృందానికి పట్టిన చీడ అనీ, ఉన్న ప్రతులన్నీ పోగేసి తగలబెట్టాలనీ ఒక పక్షం. స్టూడియోలో ఉన్నది బృందం ఫోటో, ప్రాణంతో ఉన్న బృందం ఇదొక్కటేననీ ఇంకో పక్షం. మొదటి పక్షానికి పెద్ద దిక్కు కొలబద్ద. తన క్యాసెట్టుని తనే తిట్టుకుంటూ తిరిగిన మనిషి ఇంకొకడు ఉండడు. రెండో పక్షానికి ఉరుము. డ్రమ్ములు తప్ప ఇంకేమీ వినపడని రికార్డు నీకు నచ్చక చస్తుందా అని కొలబద్ద, గీత గీసినట్టు వాయించేవాడికి చెమట వాసన పడుతుందా అని ఉరుము, కలిసిన ప్రతిసారీ అదే పోట్లాట. మామయ్య గోడ మీద పిల్లి. బేకరీలో ఉంటే ఉరుముతో తల ఊపుతాడు, ఇంటికొస్తే అత్తయ్యతో. అత్తయ్య అభిప్రాయం ఎప్పుడూ ఒక్కటే: పక్కవాటాలో ఎవరో సామాన్లు సర్దుకుంటున్నట్టుంది, ఇంత చిన్న పనికి నలుగురెందుకు.

ఆమె ఏ పక్షమూ కాదు. ఆమెకది అభిప్రాయానికి సంబంధించిన విషయమే కాదు.

చిన్నప్పుడు సెలవుల్లో మామయ్య వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఆ క్యాసెట్టు ఆమె చేతికి చిక్కింది. స్పీకరు జాలీకి చెవి ఆనించి వినేది. మొదట్లో హోరు. తర్వాత్తర్వాత హోరులో గదులు. చీకటి గదిలోకి వెళ్ళిన మనిషికి కాసేపటికి కుర్చీ, మంచం, కిటికీ ఒక్కొక్కటే తేలినట్టు, విన్నకొద్దీ కొత్తవి తేలేవి. స్పష్టంగా ఉన్నదాన్ని ఒకసారి విని పక్కన పెట్టేస్తాం. సగం దాక్కున్నదాని దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్తాం, వెళ్ళిన ప్రతిసారీ మనదేదో కొంచెం అక్కడ వదిలి వస్తాం. ఈ రెండో సంగతి ఆమెకి అప్పట్లో తెలియదు.

"మెట్లు లేని మేడ"లో మూడో మలుపు దగ్గర, కీబోర్డు కుడిచెయ్యి ఒక చిన్న వరసని పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తుంది. అక్కడ కింద ఇంకో వరస ఆమెకి వినపడింది. మొదటిదానికి జవాబు చెప్తూ, ఒక అడుగు ఆలస్యంగా బయల్దేరి, మెల్లగా పైకెక్కి, కుడిచేతిని దాటిపోయి, అవతలి నుంచి పిలిచే వరస. ఎడమచెయ్యి. ఒక మనిషి రెండు చేతులూ రెండు వేరువేరు లెక్కల్లో, ఒకరి మీద ఒకరు అలిగిన అక్కాచెల్లెళ్ళలా నడవడం. అది విన్న రోజు ఆమెకి అన్నం సయించలేదు.

ఆ చెయ్యి కోసం ఆమె ఏళ్ళు ధారపోసింది. కుడిచేత్తో పళ్ళు తోముకుంటూ ఎడమచేత్తో సింకు మీద వాయించింది. బస్సులో రాడ్డు మీద, నిద్ర పట్టనప్పుడు పొట్ట మీద వాయించింది. ఈమధ్యలో ఒక స్నేహితురాలి ఇంట్లో స్టూడియో క్యాసెట్టు కూడా విన్నది. ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇల్లులా ఉంది. మూడో మలుపులో కుడిచెయ్యి ఒక్కటే ఉంది. స్టూడియోలో అంత తెగింపు రాలేదు కాబోలు, వేదిక మీదికొచ్చాక పెద్దాయనకి రెండో చెయ్యి మొలిచింది, అనుకుంది. ఆ తర్వాత స్టూడియో క్యాసెట్టు జోలికి పోలేదు. ఒకసారి మామయ్యని అడిగింది కూడా. నా బాస్ లెక్క తప్పకుండా చూసుకోవడమే నాకు బ్రహ్మప్రళయం, అన్నయ్య ఏ చేత్తో ఏం చేశాడో నాకేం తెలుసే, అన్నాడాయన.

ఆదివారం ఆమె వెళ్ళేసరికి బేకరీ వెనక గోదాంలో మైదా బస్తాలు పక్కకి జరిపి చోటు చేశారు. మూడు వైపులా బస్తాల గోడలు, నాలుగో వైపు ఇనుప తలుపు. లోపలెక్కడో బ్రెడ్డు కాలుతున్న వాసన. ఉరుము డ్రమ్ముల తాళాల మీద సన్నగా పిండి పేరుకుని, కొట్టినప్పుడల్లా పొగలా లేస్తోంది. కొలబద్ద అప్పటికే తీగలు శ్రుతి చేసుకుని, చేసుకున్నవాటినే మళ్ళీ చేసుకుంటున్నాడు. ఆమె నమస్కారానికి తల ఊపి, కీబోర్డు ఎత్తు సరిపోయిందా అని మాత్రం అడిగాడు.

సరిపోయింది అనబోతూ బస్తాల పక్క ప్లాస్టిక్ కుర్చీలో ఉన్న మనిషిని చూసి ఆమె అటే తిరిగిపోయింది. పెద్దాయన. మణికట్లకి ఉన్ని పట్టీలు. తన కుర్చీలో ఎవరు కూర్చుంటారో చూడాలనిపించి వచ్చాడట. ఆయన ఎదుట ఆయన చేతినే వాయించి చూపించాలి. భయం అనుకుంది గానీ, తరచి చూసుకుంటే అది భయం కాదు. పరీక్షకి అన్నీ చదువుకుని వచ్చిన పిల్ల గుండెలో కొట్టుకునేదే అక్కడా కొట్టుకుంటోంది. తొందరగా అడగండి, అడగండి అని.

ఉరుము కర్రలు మూడుసార్లు తాటించి మొదలుపెట్టాడు.

మొదటి మలుపు దాటేసరికే కొలబద్ద కళ్ళెత్తి ఒకసారి ఆమె వైపు చూసి మళ్ళీ దించుకున్నాడు. అది మంచి గుర్తని మామయ్య కనుబొమలతో చెప్పాడు. రెండో మలుపులో ఐదు దెబ్బల లెక్కలోకి జారినప్పుడు నలుగురూ ఒక్క ఒంటితో జారారు. చిన్నప్పుడు చెవి ఆనించి విన్న ఆ హోరు లోపలికి తను నిజంగా నడిచి వచ్చేసినట్టు, తలుపు తీసింది కూడా తనే అయినట్టు ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. ఇక మూడో మలుపు. కుడిచెయ్యి వరస అందుకుంది. ఒక అడుగు ఆగి, ఎడమచెయ్యి బయల్దేరింది.

గిటార్ ఆగిపోయింది. తర్వాత బాస్. ఉరుముకి ఆపాలని తెలియడానికి ఇంకాస్త సమయం పట్టింది.

"ఆ ఎడమచేత్తో చేసిందేమిటి?" అన్నాడు కొలబద్ద.

"మూడో మలుపండీ."

"మూడో మలుపు నాకు తెలుసమ్మా, కట్టింది నేనే. ఎడమచేత్తో చేసిందేమిటని."

ఆమె పెద్దాయన వైపు చూసింది. సాక్షిని చూపించినట్టు చూసింది. "సార్ వాయించిందే. హాల్ క్యాసెట్టులో ఉన్నదే."

మామయ్య హఠాత్తుగా తన వైరు ఎక్కడ చిక్కుపడిందో చూసుకోవడంలో మునిగిపోయాడు. స్టూడియోలో ఎలా ఉందో స్వరం పొల్లుపోకుండా అలాగే వాయించాలన్నది కొలబద్ద పెట్టిన షరతు. ఆ మాట ఆమెకి చేరవెయ్యాల్సింది మామయ్యే. చేరవేస్తే క్యాసెట్టు గొడవ ఇంట్లో మళ్ళీ మొదలవుతుందని, తనే తెలుసుకుంటుందిలే అని వదిలేశాడు.

పెద్దాయన కుర్చీలో ముందుకి వంగాడు. "నేనెప్పుడూ అలా వాయించలేదమ్మా" అన్నాడు, ఆమెని నొప్పించకూడదన్నట్టు మెల్లగా. "నా ఎడమచెయ్యి ఎప్పుడూ సోమరిదే. కింది స్వరం ఒకటి నొక్కిపెట్టి పడుకునేది."

ఆమె ఒప్పుకోలేదు. ఆయన మర్చిపోయి ఉంటారంది. ఉందంటే ఉందంది. ఉరుము లేచి బేకరీలోకి వెళ్ళి, రోజూ గల్లాపెట్టె పక్కన మోగే క్యాసెట్టు ప్లేయరు వైరుతో సహా పట్టుకొచ్చాడు. బురద క్యాసెట్టు అందులోనే ఉంది. ఆయన బేకరీలో బ్రెడ్డు కొనేవాళ్ళు ఇష్టమున్నా లేకపోయినా ఆ పక్షంలో చేరాల్సిందే. ఐదుగురూ దాని చుట్టూ తలలు కలిపి వంగారు. దగ్గు దాటింది. "కూర్చోవయ్యా" దాటింది. మూడో మలుపు దగ్గర ఆమె క్యాసెట్టుతో పాటు ఆ రెండో వరసని గొంతులో పాడింది.

మొదటిసారికి ఎవరికీ ఏమీ వినపడలేదు. రెండోసారికి ఉరుము చెయ్యి పైకెత్తి అలాగే ఉంచేశాడు. మూడోసారికి మామయ్య, "ఉందిరోయ్" అన్నాడు. ఒకసారి వినపడ్డాక వినపడకుండా పోవడం లేదు. గోడ మీద పెచ్చులూడిన మచ్చలో మొహం కనపడ్డాక ఇంక అది మచ్చ కానట్టు.

పెద్దాయన కళ్ళు మూసుకుని విని, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ హాలు వెనక గోడ బోసిగోడ అనీ, తెర లేదు, బట్ట లేదు, తను ఏం వాయించినా అది పోయి ఆ గోడకి కొట్టుకుని ఒక అడుగు ఆలస్యంగా వెనక్కి వచ్చేదనీ, దాంతో ఆ రోజంతా తను చచ్చేచావు చచ్చాడనీ చెప్పాడు. మైకులు ఉన్నది ఆ గోడ పక్కనే, వేదిక వెనక తగిలి మళ్ళీ అటే పోయిన చప్పుడంతా వాటిలో పడింది. "నువ్వు నేర్చుకున్నది నా చేతిని కాదమ్మా. ఆ గోడని."

కొలబద్ద నవ్వలేదు. క్యాసెట్టు వెనక్కి తిప్పి, చెవి దగ్గరగా పెట్టి, గిటార్ మీద ఒక్కొక్క స్వరమే వెతుక్కుంటూ మళ్ళీ విన్నాడు. తల అడ్డంగా ఆడించాడు.

"గోడ కూడా కాదు. పైకెక్కడం మొదలుపెట్టే మూడు నాలుగు స్వరాల వరకే గోడ. అక్కణ్ణించి ఈ అమ్మాయి వాయించినవి ఇందులో లేవు. ఎక్కడా లేవు."

ఎక్కడా లేవు అన్న మాట ఆమె చెవుల్లో వేడిగా దిగింది.  ఇన్నేళ్ళూ దండం పెట్టుకున్నది ఎవరికి? ఒక ఖాళీ గోడకా? అదీ కాదట. ల్యాబ్‌లో తను రోజూ చేసేది గుర్తొచ్చింది. ఊడిపోయిన పన్ను ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. పక్క పన్నునీ ఎదురు పన్నునీ చూసి ఊహించాలి. ఊహించానన్న సంగతి మర్చిపోతేనే అది నోట్లో ఇముడుతుంది. సరిగ్గా అలాగే మర్చిపోయింది. సిగ్గు మెడ దాకా వచ్చింది, చెంపలు ఎక్కింది, ఇంక ఎక్కడానికి చోటు లేక ఆగింది. ఆగినచోట దాని రంగు మారడం ఆమె స్పష్టంగా గమనించింది. ఒక మనిషి చేశాడు కదా అన్న నమ్మకంతో ఏళ్ళ తరబడి ఎడమచేత సాధన చేయించింది. ఆ మనిషే లేడు. చేసినవాళ్ళు ఎవరూ లేరని ముందే తెలిస్తే మొదలుపెట్టేదే కాదు. మరి ఇప్పుడు చేతిలో ఉన్నది ఎవరిది?

అవతల పోట్లాట రాజుకుంది. ఇన్నేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదేరా, ఆ క్యాసెట్టు అబద్ధాలకోరు, పసిపిల్లని కూడా మోసం చేసింది అంటున్నాడు కొలబద్ద. మోసపోయిన పిల్ల వాయించింది విన్నావా, నీ నిజం ఎప్పుడైనా ఎవరి చేతనైనా అలా వాయింపజేసిందా అంటున్నాడు ఉరుము. మామయ్య ఇద్దరితోనూ ఔనంటున్నాడు.

కొలబద్ద చెయ్యి ఎత్తి ఆపాడు. ఆమె వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే కష్టమనిపించింది ఆమెకి.

"చూడమ్మా, మొదటి రెండు మలుపులూ నువ్వు వాయించినట్టు ఇంతవరకూ వచ్చినవాళ్ళెవరూ వాయించలేదు. మూడో మలుపులో ఆ ఎడమచెయ్యి తీసెయ్యి. కుడిచెయ్యి ఒక్కటి చాలు. కుర్చీ నీదే."

అంటే అయిపోయింది. దేనికోసం వారమంతా నిద్ర లేకుండా తిరిగిందో అది ఎదురుగా ఉంది, చెయ్యి చాపితే చాలు. ఒప్పుకో, ఒప్పుకో అని మామయ్య కళ్ళు వేడుకుంటున్నాయి. ఆమె కూర్చుంది. ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో మూడో మలుపు మొదలుపెట్టింది. నాలుగు తిరుగుళ్ళు తిరిగేసరికి వరస తడబడింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే. మంచంలో పక్కన పడుకునే మనిషి లేకపోతే నిద్ర పట్టనట్టు, కుడిచెయ్యి ఉండీ ఉండీ తడుముకుంటోంది. ఒళ్ళో ఎడమచేతి వేళ్ళు దుస్తుల మీద తమ పని తాము చేసుకుపోతున్నాయి.

ఆమె చేతులు తీసేసింది.

"నావల్ల కాదండీ" అంది. ఆ మాట అన్నాక దిగులు లేకపోవడం ఆమెకే వింతగా ఉంది. "ఇది సార్‌ది అనుకున్నన్నాళ్ళు ఒక్క స్వరం కూడా మార్చే హక్కు నాకు లేదనుకున్నాను. సార్‌ది కాదు, గోడది కాదు, ఎక్కడా లేదన్నారు. అయితే ఇది నాదేగా. నాదైనదాన్ని కోసి పక్కన పెట్టి వాయించడం నాకు రాదు."

"కుర్చీ వద్దా?"

"కావాలండీ. చాలా కావాలి. ఈ చేత్తో కావాలి."

 బేకరీలో ఎవరో ఇనుప పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చప్పుడు. ఉరుము నోరు తెరవబోయాడు గానీ పెద్దాయన పట్టీ కట్టిన చెయ్యి అడ్డం పెట్టి ఆపి, తన ప్లాస్టిక్ కుర్చీని కీబోర్డు పక్కదాకా ఈడ్చుకొచ్చి కూర్చున్నాడు. ఇందాక చెవితో విన్నాననీ, ఈసారి కంటితో చూస్తాననీ, ఇంకెవరూ వాయించకుండా ఒక్కతే వాయించమనీ అడిగాడు.

ఆమె వాయించింది. తెలిసి వాయించడం అదే మొదటిసారి. ఇంతకుముందు ప్రతి స్వరం దగ్గరా ఇలాగే ఉందా, ఇంతేనా అని ఎవరినో అడుగుతూ నడిచేది. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. గోడవి మూడు నాలుగు స్వరాలు దాటి, ఎక్కడా లేనివాటిలోకి ఎడమచెయ్యి అడుగు పెట్టినప్పుడు, లోతు తెలియని నీళ్ళలోకి దిగినట్టూ ఆ నీళ్ళు మోస్తున్నట్టూ అనిపించింది. వరస పైకెక్కింది. కుడిచేతిని దాటింది. దాటేచోట ఎప్పుడూ నెమ్మదించే అలవాటు ఆమెకి. ఈసారి నెమ్మదించలేదు. పెద్దాయన ఆమె మొహం చూడడం లేదు. ఆయన చూపంతా ఎడమచేతి మీదే ఉంది, ఆయన వేళ్ళు మోకాలి మీద అందుకోవడానికి తంటాలు పడుతున్నాయి. అందనప్పుడల్లా ఆయన మొహం వెలుగుతోంది.

"నా సోమరిదానికి ఇంత పనుందని నాకెవరూ చెప్పలేదే" అన్నాడు.

కొలబద్ద గిటార్ పక్కన పెట్టి తలుపు దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళిపోతున్నాడనుకుంది ఆమె. తలుపు వేసి తిరిగొచ్చాడు, పళ్ళేల చప్పుడు అడ్డొస్తోందన్నాడు. ఆమె దాటేచోటుని ఇంకోసారి వాయించమన్నాడు. ఇంకోసారి. మూడోసారికి గిటార్ ఎత్తుకుని కింద ఒక స్వరం వేశాడు. అది ఆమె స్వరానికి తగిలి గరగరలాడింది. ఆయన మొహం చిట్లించాడు.

"ఇక్కడ నాది అడ్డం పడుతోంది."

"నాది కాస్త పైకి జరపనా అండీ?"

"నువ్వు కదలకు. అందరూ జరిగితే ఇల్లు నిలబడదు."

తన స్వరాన్ని ఒక మెట్టు కిందికి జరిపాడు. నచ్చలేదు. ఇంకో మెట్టు జరిపాడు. రెండు వరసలకీ కింద ఏదో చాప పరిచినట్టు అయింది. తన పాటలో తను రాసినదాన్ని కొలబద్ద మార్చడం మామయ్య ఆ రోజు దాకా చూడలేదు. కళ్ళు తుడుచుకుంటున్నాడో, పిండి పడి నలుపుకుంటున్నాడో తెలియలేదు. ఉరుము చప్పుడు చెయ్యకుండా జేబులోంచి ఫోన్ తీసి ఒక బస్తా మీద నిలబెట్టాడు.

"అది లోపల పెట్టు" అన్నాడు కొలబద్ద, తల తిప్పకుండా. "ఒక బురద చాలు మనకి. ఆ క్యాసెట్టు దరిద్రమైనదన్న మాట మీదే ఉన్నాను నేను. ఇవాళ జరిగినదానితో అది బాగుపడిపోయిందని ఊరంతా చాటావంటే ఊరుకోను."

"మరి ఇదెక్కణ్ణించి వచ్చిందిరా?"

"ఈ అమ్మాయి దగ్గర్నుంచి. వినపడలేదా, తనదే అంది."

ఆ మాటలో తను గెలిచాడో ఓడిపోయాడో ఉరుముకి తేలలేదు. కర్రలు తాటించాడు. రెండో మలుపు చివర నుంచి అందుకున్నారు. ఐదు దెబ్బల్లోంచి ఏడులోకి వచ్చేటప్పుడు తాళాల మీంచి పిండి లేచి, పైకప్పు దగ్గరి చిన్న కిటికీ వెలుతురులో తెల్లగా తిరిగింది. కుడిచెయ్యి వరస పట్టుకుంది. ఆమె ఒక అడుగు ఆగింది, ఎడమచేతిని వదిలింది.

"గట్టిగా" అని అరిచాడు కొలబద్ద, వాయిద్యాల మీంచి వినపడేలా. "కచేరీ ఆరుబయట పెట్టారు. అక్కడ గోడ గీడ ఏమీ ఉండదు, ఎంతుందో అంతా నువ్వే కొట్టాలి."

ఆమె కొట్టింది. వరస కుడిచేతిని దాటిపోయి అవతల నుంచి పిలిచింది. ఆ పిలుపుకి కింద గిటార్ కొత్తచోటు నుంచి పలికింది. పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు నేల మీద టకటకా ఆడుతున్నాయి. నాలుగో మలుపు ఎదురుగా కనపడుతుండగా, నోరు తెరిచి మేనకోడలి ఎడమచేతినే చూస్తున్న మామయ్య లెక్క తప్పాడు. దాంతో మిగతా ముగ్గురి వాయింపూ మూడు వైపులా చెదిరిపోయింది.

ఆమె అప్పటికీ ఆగలేదు. ఒక్కతే ఇంకో తిరుగుడు తిరిగి, వాళ్ళు వచ్చి కలుస్తారేమోనని చూస్తోంది.